గొడవంతా గుల్ల కోసమే!

పేరు చూస్తే సన్యాసి. తీరు చూస్తే రోజుకో కొట్లాట! పిల్లలు ముచ్చటపడి పెంచుకునే సన్యాసి పీతలు ఎందుకు కొట్టుకుంటాయి? అది వాటి గుణమా, మనం పెట్టిన ఇంటి లోపమా?

అమెరికాలో సెలవులకు సముద్రతీరపు ఊళ్లకు వెళ్తే బొమ్మలు, ఐస్‌క్రీములు అమ్మే కొట్ల మధ్యే చిన్న చిన్న తీగల పంజరాలు కనిపిస్తాయి. వాటి నిండా రంగురంగుల గుల్లలు. దగ్గరకెళ్లి చూస్తే గుల్లల కింద కాళ్లు కదులుతుంటాయి. న్యూజెర్సీ, ఫ్లోరిడా తీరాల్లో ఇది మామూలు దృశ్యమే. 'పంజరం కొంటే పీత ఉచితం' అని బోర్డు పెట్టే దుకాణాలూ ఉంటాయి. మొరగదు, సోఫా చింపదు, పొద్దున్నే షికారుకు తీసుకెళ్లే పని లేదు. పిల్లలు మారాం చేస్తే ఏ అమ్మయినా మెత్తబడిపోతుంది. 'సరే, ఒకటెందుకు, రెండు తీసుకో. తోడుంటాయి' అనేస్తుంది.

అక్కడ కాపురముంటున్న మన తెలుగమ్మాయిల ఇళ్లకూ ఇవి ఇలాగే చేరుతుంటాయి. పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు వెళ్లిపోతే, మనవల్ని చూసుకోవడానికి ఇక్కడినుంచి వెళ్లిన అమ్మమ్మకో నానమ్మకో పీతల బాధ్యత కూడా అంటగట్టేస్తారు.

నాలుగు రోజులు బాగానే గడుస్తుంది. ఆ తర్వాత ఓ రాత్రి పెట్టెలోంచి టకటకమని చప్పుడు. 'అమ్మా! పెద్దది చిన్నదాన్ని చంపేస్తోందే' అని పిల్లల ఏడుపు. పెద్దదానికి 'రౌడీ' అని పేరు పడిపోతుంది. దాన్ని తీసి ఓ డబ్బాలో విడిగా పెట్టేస్తారు. గొడవ తీరిందనుకుంటారు.

తీరదు. ఎందుకంటే తప్పు రౌడీది కాదు. వీధి కుళాయి దగ్గర బిందెల తగాదాలు మనకు తెలియనివా? రోజుకో గంట, అదీ సన్నటి ధారగా వస్తే ఇరుగూ పొరుగూ జుట్లు పట్టుకుంటారు. అదే కుళాయి రోజంతా వస్తే 'ముందు మీరు పట్టుకోండి వదినా' అంటారు. మనుషులు వాళ్లే, మారింది నీళ్లే. సన్యాసి పీతల కొట్లాటలకూ చాలావరకు కారణం ఇలాంటి కరువే. గుల్లల కరువు, చోటు కరువు, తిండి కరువు. ఏది తక్కువైందో కనిపెట్టి సరిచేస్తే రౌడీ కూడా బుద్ధిమంతుడైపోతాడు.

సన్యాసి కాదు, సంఘజీవి

మామూలు పీతకు ఒళ్లంతా గట్టి పెంకు ఉంటుంది. సన్యాసి పీతకు అలా కాదు. ముందు భాగం మాత్రమే గట్టి. పొట్ట భాగం మెత్తగా, మెలితిరిగి ఉంటుంది. దాన్ని కాపాడుకోవడానికి చచ్చిపోయిన నత్త వదిలేసిన గుల్లను వెతుక్కుని అందులో దూరుతుంది. ఇల్లు వీపున మోసుకుంటూ తిరుగుతుంది. భయం వేస్తే లోపలికి ముడుచుకుని, పెద్దదైన ఎడమ డెక్కను తలుపులా అడ్డం పెట్టేస్తుంది. ఇలా ఒంటరిగా గుహలో కూర్చున్నట్టుంటుంది కాబట్టి సన్యాసి అన్నారు.

చిత్రమేమిటంటే, నేల మీద బతికే ఈ పీతలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సీనోబైటా'. ఆ మాటకు మఠంలో పదిమందితో కలిసి బతికే సన్యాసి అని అర్థం. ఈ పేరే సరైంది. ఇవి తీరాల్లో గుంపులు గుంపులుగా తిరుగుతాయి. కలిసి తింటాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటాయి. కాబట్టి గొడవపడుతోందని ఒకదాన్ని శాశ్వతంగా వెలివేయడం దానికి శిక్షే అవుతుంది.

అమెరికా దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది కరిబియన్ దీవుల రకం. దీని పెద్ద డెక్క ఊదారంగులో ఉంటుంది. మధ్య, దక్షిణ అమెరికాల పసిఫిక్ తీరం నుంచి వచ్చే 'ఈక్వడార్' రకం ఇంకొకటి. రెండూ నేల మీద బతికేవే అయినా ఊపిరి తీసేది మొప్పలతోనే. ఆ మొప్పలు తడి ఆరితే పీత బతకదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే పెంపకంలో సగం తెలిసినట్టే.

ఏది పలకరింపు? ఏది పోట్లాట?

పిల్లలు కేకలు పెట్టిన ప్రతిసారీ కంగారు పడనక్కర్లేదు. ఇవి రాత్రిళ్లు తిరిగే జీవులు. దీపాలార్పాక వీటి సందడి మొదలవుతుంది. ఆ సందడిలో మామూలుది ఏది, మనం చెయ్యి పెట్టాల్సింది ఏది అన్నది తెలుసుకోవాలి.

మీసాలు కలుపుకోవడం: ఎదురుపడగానే రెండూ మీసాల్లాంటి స్పర్శకాలు ఆడిస్తూ ఒకదాన్నొకటి తడుముకుంటాయి. 'ఎవరు నువ్వు, ఎంత పెద్దదానివి' అని ఆరా తీయడం అన్నమాట. ఇది కేవలం పలకరింపు.

తోసుకోవడం, ఎక్కి దిగడం: తిండి పళ్లెం దగ్గర కాలితో నెట్టడం, దారికడ్డంగా ఉన్నదాని మీదనుంచి నడిచి వెళ్లిపోవడం. సిటీ బస్సులో తోపులాట లాంటిది. కొత్త పీత వచ్చినప్పుడు ఇది రెండు మూడు రోజులు ఎక్కువగా ఉంటుంది. ఎవరు పెద్దో తేలిపోయాక తగ్గుతుంది.

కిచకిచలాడడం: కీచురాయిలాగో చిన్న కప్పలాగో చప్పుడు చేస్తే 'నా జోలికి రావద్దు' అని అర్థం. ఎదుటిది తప్పుకుంటే సరి.

గుల్ల పట్టుకుని ఊపడం: ఇక్కడినుంచి జాగ్రత్తపడాలి. ఒకటి రెండోదాని గుల్ల మీద ఎక్కి, గట్టిగా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపుతుంది. గుల్ల నోట్లోకి డెక్క పెట్టి లాగుతుంది. వదిలిపెట్టదు. ఇది ఇల్లు ఖాళీ చేయించే ప్రయత్నం.

కాలు ఊడడం, గుల్ల వదిలి బయటికి రావడం, ఇసుకలో దాగిన పీత కోసం మరొకటి తవ్వడం: ఈ మూడింటిలో ఏది కనిపించినా వెంటనే కల్పించుకోవాలి.

ఒకరు కదిలితే అందరికీ కొత్తిల్లు

పీత పెరుగుతుంది, గుల్ల పెరగదు. పిల్లలకు ఏటా చెప్పులు మార్చినట్టు పీతకూ ఎప్పటికప్పుడు కాస్త పెద్ద గుల్ల కావాలి. అది తనంతట తాను గుల్ల చేసుకోలేదు. సముద్రం ఒడ్డున ఖాళీ గుల్లలు దొరకడం అంత తేలిక కాదు. అందుకే వీటి బతుకంతా గుల్లల వేటే.

సెంట్రల్ అమెరికాలోని బెలిజ్ తీరంలో కరిబియన్ పీతలపై జరిపిన పరిశీలనను రాండి రోట్జాన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2010లో ప్రచురించారు. పెద్ద ఖాళీ గుల్ల ఒకటి కనబడితే పీతలు దాని చుట్టూ మూగుతాయి. పెద్దదాని వెనుక దానికన్నా చిన్నది, దాని వెనుక మరీ చిన్నది, ఇలా వరస కడతాయి. అన్నిటికన్నా పెద్దది కొత్త గుల్లలోకి మారగానే, అది వదిలిన దాంట్లోకి రెండోది, రెండోది వదిలిన దాంట్లోకి మూడోది చకచకా మారిపోతాయి. ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఒక ఆఫీసరుకు బదిలీ అయితే కింది గ్రేడు వాళ్లంతా ఒక్కో మెట్టు పెద్ద ఇంట్లోకి మారినట్టు! ఒక్క గుల్ల చేరితే ఇన్ని కాపురాలు బాగుపడతాయి.

ఇంకో విశేషం కోస్టారికాలో బయటపడింది. అక్కడి పసిఫిక్ తీరపు పీతల మీద మార్క్ లేడర్ అనే శాస్త్రవేత్త 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నేల మీది సన్యాసి పీతలు గుల్లను ఉన్నదున్నట్టు వాడుకోవు. లోపలి మెలికలు అరగదీసి విశాలం చేసుకుంటాయి. అలా తయారైన గుల్ల తేలిగ్గా ఉంటుంది, చోటూ ఎక్కువ. అందుకే కొత్త గుల్ల కన్నా ఒకరు కాపురం చేసి బాగుచేసిన గుల్ల మీదే వాటికి మోజు. అది కావాలంటే సాటి పీతల దగ్గరికే వెళ్లాలి. పక్కవాడి గుల్ల మీద కన్ను వేయడం వాటికి దుర్బుద్ధి కాదు, బతుకుతెరువు.

మన ఇంటి పెట్టెలో రెండు పీతలుండి, అదనంగా ఒక్క గుల్లయినా లేకపోతే ఏం జరుగుతుంది? పెద్దదానికి ఇల్లు ఇరుకవుతుంది. కావలసిన ఇల్లు ఎదురుగా చిన్నదాని వీపు మీద ఉంటుంది. ఇక కొట్లాట రాక ఏమవుతుంది?

అందుకని ఒక్కో పీతకు మూడు నుంచి ఐదు ఖాళీ గుల్లలు పెట్టెలో ఎప్పుడూ ఉండాలి. ఇప్పుడున్న గుల్ల నోటికన్నా ఒక్క పిసరు పెద్ద నోరున్నవి కొన్ని, అదే సైజువి కొన్ని. కరిబియన్ రకానికి గుండ్రటి నోరున్న టర్బో గుల్లలు ఇష్టం. ఈక్వడార్ రకానికి సగం చందమామలా కోలగా ఉన్న నోరు నచ్చుతుంది. బాగున్న గుల్ల ఒక్కటే ఉంటే దాని కోసం మళ్లీ తగువే. అక్కాచెల్లెళ్లకు ఒకే రకం గౌన్లు కుట్టించినట్టు జతలుగా కొనడం మేలు. కొన్న గుల్లల్ని మరుగుతున్న నీళ్లలో కాసేపు ఉడికించి, బాగా చల్లార్చి లోపల పెట్టండి.

రంగులు వేసిన గుల్లలు చూడ్డానికి బాగుంటాయి. కానీ పెచ్చులు లేచిన రంగును పీతలు తినేస్తాయి. పైగా రంగు గుల్లల్లో ఉన్నవి తమంతట తాము ఎంచుకుని అందులోకి వెళ్లినవి కావు. పిల్లలకు రంగు గుల్లే ముద్దొస్తుంటే పీతను బలవంతంగా బయటికి లాగకండి. దానికది చచ్చినా రాదు, నిజంగానే రెండు ముక్కలైనా రాదు. పక్కన మంచి గుల్లలు పెట్టి ఊరుకోండి. నచ్చితే రాత్రికి రాత్రే మారుతుంది.

కుబుసం విడిచే వేళ మహా జాగ్రత్త

అన్నిటికన్నా ప్రమాదమైన సమయం ఇది. పెరిగేటప్పుడు పీత తన పాత పెంకును పాము కుబుసంలా విడిచేస్తుంది. దీనికోసం తడి ఇసుకలోకి లోతుగా తవ్వుకుని వెళ్లిపోతుంది. చిన్నవాటికి కొన్ని వారాలు, పెద్దవాటికి రెండు నెలలో ఇంకా ఎక్కువో పడుతుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లు వెన్నముద్దలా మెత్తగా ఉంటుంది. కదల్లేదు, డెక్క ఎత్తలేదు. విడిచిన పాత పెంకునే తిని అందులోని కాల్షియంతో గట్టిపడుతుంది.

ఆ సమయంలో దాని ఒంటినుంచి వచ్చే వాసన మిగతా పీతలకు తెలుస్తుంది. ఇసుక లోతు తక్కువైతే తవ్వి తీసి తినేస్తాయి. వినడానికి ఘోరంగా ఉంటుంది. కానీ ఇదీ పగతో చేసేది కాదు. వాటికి అక్కడ కనిపించేది మాంసం, కాల్షియం, ఖాళీ కాబోయే ఒక గుల్ల. అంతే. రెండు అంగుళాల గులకరాళ్లు పరిచిన పెట్టెలో పీతలు 'ఒకదాన్నొకటి చంపుకున్నాయి' అనే కథల వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

ఉపాయం సులువే. పెట్టెలో ఇసుక కనీసం ఆరంగుళాలు ఉండాలి. లేదా ఉన్నవాటిలో పెద్ద పీత ఎత్తుకు మూడింతలు. రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఐదు వంతుల ఇసుకకు ఒక వంతు కొబ్బరి పీచు పొట్టు కలపాలి. పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టే ఇసుక ఎంత తడిగా ఉంటుందో అంత తడి. పిడికిలి పట్టి వదిలితే ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు. అప్పుడే తవ్వుకున్న గుహ కూలకుండా ఉంటుంది.

పీత కనిపించడం మానేసింది కదా అని ఇసుక తవ్వి చూడకండి. పిల్లల్నీ తవ్వనివ్వకండి. చేపలు కుళ్లిన వాసన గుప్పుమంటే తప్ప చనిపోయిందని అనుకోవద్దు. పెట్టెలో ఖాళీ పీత ఒకటి పడి ఉందని ఏడుపులు మొదలవుతాయి. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, బోలుగా ఉందా? అది శవం కాదు, కుబుసం. దాన్ని పారేయకుండా పీత దగ్గరే ఉంచండి. అదే దానికి పథ్యం.

ఒక్కోసారి పీత ఇసుక పైనే కుబుసం విడుస్తుంది. దాన్ని కదపకూడదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం, అడుగుభాగం కోసేసి, ఆ గొట్టాన్ని పీత చుట్టూ ఇసుకలోకి లోతుగా గుచ్చండి. ప్రహరీగోడ కట్టినట్టే. మిగతావి ఎక్కిరాకుండా ఎత్తుగా ఉండాలి, గాలి ఆడాలి. దాని మీద పలచటి గుడ్డ కప్పి చీకటిగా ఉంచితే మంచిది.

కడుపు నిండితే కొట్లాట సగం

దుకాణంలో ఇచ్చే గుళికలతోనే సరిపెడితే పీతలకు మాంసకృత్తులు, కాల్షియం చాలవు. అవి చాలనప్పుడే సాటి పీత కాలో, కుబుసం విడిచిన ఒళ్లో రుచికరంగా కనిపిస్తుంది. ఇవి దొరికిందల్లా తినే జీవులు. ఉప్పు లేని ఎండు రొయ్యలు, ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చేప ముక్క, గుడ్డు, పచ్చికొబ్బరి, అరటిపండు, బొప్పాయి, క్యారట్, ఆకుకూరలు, ఎండుటాకులు అన్నీ పెట్టొచ్చు. కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకుల్ని ఉడికించి, ఆరబెట్టి, పొడి కొట్టి ఓ మూల పెట్టండి. పక్షుల పంజరాల్లో వేలాడదీసే తెల్లటి కటిల్ ఎముక కూడా పనికొస్తుంది.

పళ్లెం ఒక్కటే పెడితే పెద్దది దాని మీదే కూర్చుంటుంది. రెండు మూడు చోట్ల కొంచెం కొంచెం పెట్టండి. సాయంత్రం పెట్టి, పాడయ్యేవి పొద్దున్నే తీసేయండి. మన కూరలు, పచ్చళ్లు, చిప్స్ ముద్దుకైనా పెట్టకూడదు.

ఇల్లు విశాలమైతే మనసూ విశాలం

తీగల పంజరంలో తేమ నిలవదు. గాజు అక్వేరియం, దానికి గాజు మూతో, సందుల్లేని ప్లాస్టిక్ మూతో కావాలి. రెండు మూడు చిన్న పీతలకు కనీసం పది గ్యాలన్ల, అంటే 38 లీటర్ల తొట్టి ఉండాలి. పెరిగేకొద్దీ ఇంకా పెద్దది.

గాలిలో తేమ 75 నుంచి 85 శాతం ఉండాలి. దీన్ని చూడటానికి హైగ్రోమీటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. వేడి 24 నుంచి 29 డిగ్రీల సెంటీగ్రేడు, అక్కడి లెక్కలో 75 నుంచి 85 ఫారన్‌హీట్. చలిదేశంలో హీటరు వేసిన గదిలో గాలి పొడిబారిపోతుంది, మనకు పెదవులు పగిలినట్టే పీత మొప్పలూ ఎండుతాయి. వేడి కోసం అతికించే ప్యాడ్‌ను తొట్టి అడుగున కాక వెనుక గోడకు, ఇసుక మట్టానికి పైన అతికించాలి.

నీళ్లు రెండు గిన్నెల్లో ఉండాలి. ఒకటి మంచినీళ్లు, ఒకటి ఉప్పునీళ్లు. పీత మునిగేంత లోతు, ఎక్కి రావడానికి ఓ రాయో మెట్టో ఉండాలి. కుళాయి నీళ్లు ఓ రాత్రి నిలవ ఉంచితే సరిపోతుందనుకోకండి. అమెరికాలో చాలా ఊళ్ల నీళ్లలో కలిపే క్లోరమైన్ అలా పోదు. అక్వేరియం దుకాణంలో దొరికే క్లోరిన్ విరిచే చుక్కలు వేయాలి. ఉప్పునీళ్లకు వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు, అక్కడే దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. రాగి చెంబులో నీళ్లు మనకు మంచివని పెద్దలంటారు. పీత, రొయ్య జాతికి మాత్రం రాగి విషం. గాజు, పింగాణీ గిన్నెలే వాడండి.

దాక్కోవడానికి కొబ్బరి చిప్పలు, ఎక్కడానికి కొమ్మలు, వేలాడే వల ఉంటే బలహీనమైనది తప్పుకుని బతుకుతుంది. దాక్కునే చోట్లు పీతల సంఖ్య కన్నా ఎక్కువ ఉండాలి.

కొట్లాట కళ్లబడితే...

ముందుగా ఒక్క నిమిషం చూడండి. తోపులాటే అయితే వదిలేయండి. గుల్ల ఊపుతూ డెక్క లోపల పెట్టి లాగుతుంటే పైదాన్ని గుల్ల పట్టుకుని మెల్లగా ఎత్తి తీయండి. పట్టు విడవకపోతే లాగకండి. రెండిటినీ కలిపే గోరువెచ్చని క్లోరిన్ లేని నీళ్లలో కాసేపు ఉంచితే చాలాసార్లు విడిపోతాయి.

తీసిన దాన్ని ఓ చిన్న డబ్బాలో నాలుగైదు మంచి గుల్లలతో రాత్రంతా ఉంచండి. ఆ డబ్బాలోనూ తడి ఇసుక, తిండి, నీళ్లు, అదే వేడి, అదే తేమ ఉండాలి. చాలాసార్లు తెల్లవారేసరికి కొత్త గుల్లలోకి మారిపోయి ఉంటుంది. ఇక పక్కవాడి ఇంటి మీద ధ్యాస ఉండదు. అప్పుడు మళ్లీ కలిపేయొచ్చు. ఈలోగా పెద్ద తొట్టిలో గుల్లలెన్ని, తిండెంత, ఇసుక లోతెంత, తేమ ఎంత అని ఒక్కొక్కటీ చూసుకోండి.

గుల్ల పోగొట్టుకుని నగ్నంగా తిరుగుతున్న పీత కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. చేత్తో గుల్లలోకి దూర్చకూడదు. చిన్న గిన్నెలో అడుగున కాసిని క్లోరిన్ లేని నీళ్లు, రెండు మూడు తడిపిన గుల్లలు, పీతను పెట్టి, పైన గుడ్డ కప్పి చీకట్లో వదిలేయండి. తరచి తరచి చూడకండి. వేడి, తేమ సరిగా లేకపోయినా పీతలు ఇలా గుల్ల వదిలేస్తాయి. కాబట్టి ప్రతిసారీ రౌడీ మీదే నేరం మోపకండి.

కాలు ఊడిందని పిల్లలు బెంగపడితే ధైర్యం చెప్పండి. తర్వాతి కుబుసాల్లో ఆ కాలు మళ్లీ మొలుస్తుంది. అప్పటిదాకా దాన్ని మిగతావాటికి దూరంగా, మంచి తిండితో ఉంచితే చాలు.

పీత పిల్లవాడి చెయ్యి పట్టుకుంటే? విదిలించకూడదు, లాగకూడదు. చెయ్యి ఇసుక మీద ఆనిస్తే నేల దొరికిందని చాలాసార్లు వదిలేస్తుంది. లేదంటే గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. అసలు పట్టుకునేటప్పుడే అరచెయ్యి చాచి బిగువుగా ఉంచితే గిల్లడానికి చర్మం దొరకదు. పడిపోతుందన్న భయంతోనే అది పట్టుకునేది. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించడం మరిచిపోకండి.

కొనేముందు రెండు మాటలు

బాగా చూసుకుంటే ఈ పీతలు 30 ఏళ్లకు పైగా బతకగలవు. అంటే మూడో తరగతిలో కొన్నది పెళ్లి దాకా తోడు రావాలి! కానీ తీగల పంజరంలో, రంగు గుల్లలో పడ్డవి చాలావరకు కొన్ని నెలలకే పోతాయి. 'వీటి ఆయుష్షే అంత' అని సరిపెట్టుకుంటారు. అది నిజం కాదు.

ఇంకో సంగతి. ఇవి గుడ్లు వదిలేది సముద్రంలో. పిల్లలు కొన్నాళ్లు సముద్రంలో తేలి, తర్వాత బుల్లి గుల్ల వెతుక్కుని ఒడ్డెక్కుతాయి. ఇళ్లలో పిల్లలు పెట్టించడం బహు అరుదు. కాబట్టి దుకాణంలో కనిపించే పీతలు దాదాపుగా ఏదో ఒక తీరంలో పట్టి తెచ్చినవే. వీటికి నొప్పి తెలియదనే మాటా ఇప్పుడు నిలవడం లేదు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ ఎల్‌వుడ్ సముద్రపు సన్యాసి పీతల మీద జరిపి 2009లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్న విద్యుత్ షాక్ తగిలినప్పుడు పీతలు నచ్చని గుల్లను తేలిగ్గా వదిలేశాయి, నచ్చిన గుల్లను వదలడానికి వెనకాడాయి. బాధను, ఇంటి విలువను బేరీజు వేసుకున్నాయన్నమాట. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టం పీతలు, రొయ్యల జాతిని కూడా అనుభూతి ఉన్న జీవులుగా గుర్తించింది.

అందుకే కొత్తది కొనడం కన్నా, పెంచలేక ఇచ్చేస్తున్న వాళ్ల దగ్గర తీసుకోవడం మేలు. ఇంత ఏర్పాటు చేయలేమనిపిస్తే పిల్లలకు నచ్చజెప్పి వద్దనడమే మంచిది.

మన తీరంలోనూ ఉన్నాయి

అండమాన్, లక్షద్వీప్‌లలో నేల మీద తిరిగే సన్యాసి పీతలున్నాయి. మన విశాఖ, భీమిలి వైపు రాళ్ల మధ్య నిలిచే నీటిగుంటల్లో కనిపించేవి సముద్రపు రకాలు. ఇవి సముద్రపు నీళ్లలోనే బతుకుతాయి. పిల్లలు సరదాపడి సీసాలో వేసుకొస్తే ఇంటికొచ్చేసరికే ప్రాణం పోవచ్చు. చూపించండి, ముచ్చట తీరాక ఉన్నచోటే వదిలించండి. గుల్లలు ఏరుకునేటప్పుడు లోపల ఎవరైనా ఉన్నారేమో ఒకసారి తిప్పి చూడమనండి. ఖాళీగా ఉన్నదైనా సంచులకొద్దీ తెచ్చుకోకుండా ఒకటీ అరా చాలనండి. మనం షోకేసులో పెట్టుకునే గుల్ల అక్కడ ఒక వరస మొత్తానికి కొత్తిల్లు.

గుర్తుంచుకోండి

* పీతకు మూడు నుంచి ఐదు ఖాళీ గుల్లలు. రంగులు లేనివి, జతలుగా.
* ఆరంగుళాలకు తగ్గకుండా తడి ఇసుక. కనిపించని పీత కోసం తవ్వొద్దు.
* తేమ 75-85 శాతం, వేడి 24-29 డిగ్రీల సెంటీగ్రేడు.
* మంచినీళ్లు, సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు విడివిడిగా. రెండిటిలోనూ క్లోరిన్ ఉండకూడదు.
* వారంలో మూడు నాలుగు సార్లయినా మాంసకృత్తులు. కాల్షియం ఎప్పుడూ అందుబాటులో.
* తొట్టి ఉన్న గదిలో బొద్దింకల మందు, దోమల మందు కొట్టొద్దు. పీతలకూ అవి ప్రాణాంతకమే.
* కొత్త పీత వచ్చిన మొదటి వారం రాత్రి పడుకునే ముందు ఒకసారి తొట్టి చూడండి.
* గొడవ జరిగిన ప్రతిసారీ తేదీ, ఏ పీతలు, ఎక్కడ అన్నది పిల్లలచేత ఓ నోటుపుస్తకంలో రాయించండి. నాలుగుసార్లు రాసేసరికి కరువు దేనికో వాళ్లే చెప్పేస్తారు.